సందేహాలు – సమాధానాలు: ఏ విటమిన్? ఎంత?

సందేహం: డాక్టర్ గారూ, నాకు 58 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. ఏడాదిగా అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. మా వీధిలో ఆర్‌ఎంపీ గారు నెలకో బలం సూది వేస్తున్నారు. ఇదంతా షుగర్ వల్లే అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: షుగర్ వల్ల కావచ్చు. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోకండమ్మా. బి12 లోపానికి దారితీసేవి మీ ఉత్తరంలోనే రెండున్నాయి. ఒకటి శాకాహారం, రెండోది ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్.

బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులే. అది మనకు మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారా అందుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. శాకాహారులకు పాలూ పెరుగే దిక్కు. ఆ పెరుగును కూడా షుగర్ భయంతో పల్చటి మజ్జిగ చేసుకుంటే ఇక మిగిలేదెంత? తిన్నదైనా ఊరికే ఒంటికి పట్టదు. జీర్ణాశయంలో ఊరే ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్లాలి, అక్కడ రక్తంలో కలవాలి. మెట్‌ఫార్మిన్ అడ్డుపడేది ఈ కలిసే దగ్గరే. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో ఏమీ తెలియదు. నిల్వ కరిగిపోయాక నరాల మీది పొర దెబ్బతినడం మొదలవుతుంది.

చెప్పు జారినా తెలియడం లేదన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. పాదం ఎక్కడుందో మెదడుకు చేరవేసే దారులు వెన్నుపాములో వెనక భాగాన ఉంటాయి. బి12 తగ్గితే దెబ్బతినేవాటిలో అవి ముఖ్యమైనవి. ఇలాంటివాళ్లు వెలుతురులో కళ్లతో చూసుకుంటూ సర్దుకుంటారు, చీకట్లో తూలిపడతారు. ఇలా మరీ ఆలస్యమైతే తర్వాత ఎంత మందు వాడినా నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

రక్తంలో బి12 పరీక్ష చేయించుకోండి. నెలనెలా పడుతున్న సూదిలో బి12 ఉంటే రిపోర్టు బాగున్నట్టే రావచ్చు. అందుకే సూది మందు పేరు, చివరిసారి వేసిన తేదీ చీటీ మీద రాసుకుని వెళ్లి మీ డాక్టరుకు చూపించండి. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. లోపం నిజమని తేలితే బి12 తీసుకుంటూనే దాన్ని వాడుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. నీరసంగా ఉందని ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే కొని వేసుకోవద్దు. బి12 లోపంతో వచ్చే రక్తహీనతను అది సరిచేసేస్తుంది, నరాల దెబ్బను మాత్రం ఆపదు. రక్తం రిపోర్టు బాగుందన్న ధీమాలో కాళ్లు పోతాయి. ఆ ఫోలిక్ ఆసిడ్‌ను 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుణ్ణి బలిగొంది. ఆ జబ్బుకు పనికొచ్చిన మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. మందు గొప్పదే, దాన్ని వేయాల్సిన చోటు వేరు.

సందేహం: మోకాళ్ల నొప్పులకు విటమిన్ డి పొడి ప్యాకెట్లు రాశారు. పాలలో కలుపుకుని నెల రోజులుగా రోజుకొకటి తాగుతున్నాను. పది రోజుల నుంచి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం. పొడి పడలేదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: ఈ జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగకూడదని మీకు విడిగా కబురు చేశాం. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్యాకెట్ మీద 60,000 యూనిట్లు అని ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 600 యూనిట్లు అనుకుంటే ఒక్క ప్యాకెట్ వంద రోజుల లెక్క. అందుకే సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. చీటీ మీది రాత అర్థం కాకనో, దుకాణంలో చెప్పింది సరిగా వినబడకనో కొందరు దాన్ని రోజువారీ మందు చేసేసుకుంటున్నారు. సి విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా పోదు, కొవ్వులో పేరుకుంటుంది. అది మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి ఈ వాంతులు, దాహం, మగత వస్తాయి. చివరికి కిడ్నీలు దెబ్బతింటాయి. పొడి వెంటనే ఆపి, ఆ రోజే కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవాలి.

ఎండలో కూర్చుంటే చాలదా అని చాలామంది అడుగుతున్నారు. పొద్దున ఏడింటి లేత ఎండ హాయిగానే ఉంటుంది గానీ, చర్మంలో డి తయారుచేసే కిరణాలు అందులో బహు తక్కువ. పదిన్నర నుంచి రెండున్నర మధ్య చేతులు, కాళ్లు కాసేపు ఎండకు చూపాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో లాభం లేదు.

సందేహం: షుగర్ వచ్చిందని అన్నం మానేసి మూడు పూటలా జొన్న రొట్టే తింటున్నాను. జొన్న తింటే మెడ చుట్టూ నల్లబడి పిచ్చెక్కుతుందని మా అమ్మమ్మ అంటోంది. ఇందులో నిజముందా?
– ఒక పాఠకుడు, వనపర్తి

సమాధానం: మీ అమ్మమ్మ గారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆవిడ చెప్పే జబ్బు పెల్లాగ్రా. నయాసిన్ అనే బి విటమిన్ లోపంతో వస్తుంది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లగా మారి పొరలు లేస్తుంది, మెడ చుట్టూ హారం వేసినట్టుంటుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ఆపైన మతి చలిస్తుంది. అసలు జబ్బేమిటో ఎవరూ పోల్చుకోక పిచ్చాసుపత్రుల పాలైనవాళ్లున్నారు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదల్లో ఇది వేలమందిని చంపింది. అంటువ్యాధి కాదని నిరూపించడానికి జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు 1916లో రోగుల రక్తం తాను ఎక్కించుకుని భార్యకూ ఎక్కించాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు. మన దక్కన్‌లో జొన్న తినే వ్యవసాయ కూలీల్లో ఇదే జబ్బు ఎందుకొస్తోందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం 1960ల్లో పరిశోధించింది. జొన్న ప్రొటీన్‌లో లూసిన్ ఎక్కువగా ఉండడం కారణమని వారు ప్రతిపాదించారు. దాని మీద వాదోపవాదాలు నడిచాయి. ఒక్కటి మాత్రం స్పష్టం: ఆ కూలీలకు రొట్టెలోకి కారం, ఉల్లిపాయ తప్ప పప్పు గానీ పాలు గానీ దొరికేవి కావు.

మీరు రొట్టెతో పప్పు, పెరుగు, గుడ్డో పల్లీలో తింటుంటే భయం లేదు. మూడు పూటలా అదొక్కటే తినడం మాత్రం నాకు నచ్చలేదు. షుగర్‌కి జొన్న అమృతమేమీ కాదు, అదీ పిండి పదార్థమే. ఈ రోజుల్లో పెల్లాగ్రా మాకు ఎక్కువగా కనిపించేది తిండి మానేసి మందు తాగేవాళ్లలో.

సందేహం: బి కాంప్లెక్స్ వేసుకుంటే మూత్రం పసుపు రంగులో వస్తోంది. కామెర్లా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

సమాధానం: కాదు. అది బి2 రంగు. శరీరానికి అక్కర్లేనిది బయటికి పోతోంది. మాత్ర మానేశాక ఒకటి రెండు రోజులకు కూడా రంగు తగ్గకపోయినా, కళ్లు పచ్చబడినా పరీక్ష చేయించుకోండి.

పాఠకులకు ఒక మనవి. ఉత్తరం రాసేటప్పుడు వాడుతున్న మందులన్నిటి పేర్లూ, ఎన్నాళ్లుగా, రోజుకెన్ని అన్నదీ తప్పక రాయండి. బలం మాత్రలు, టానిక్కులు, పొడులు మందులు కావనుకుని వదిలేయకండి.