సుగ్గి డబ్బుతో పీహెచ్‌డీ చేయొచ్చా?

సమస్య



మాది సి.బెళగల్ మండలంలో ఒక పల్లె. నాకు 25 ఏళ్లు. ఎం.ఏ. ఎకనామిక్స్ ఫస్ట్ క్లాసులో పాసై, బీఈడీ కూడా చేశాను. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషిని నేనే. మాకు రెండెకరాల మెట్ట ఉంది. వాన పడితే వేరుశనగో పత్తో వేస్తాం. పంట చేతికొచ్చినా రాకపోయినా ఏటా అమ్మ, నాయన సుగ్గికి, అంటే కోతల వలసకు, గుంటూరు దిక్కు పోతారు. మిరపకాయలు కోసి, ఉగాది నాటికి ఊరు చేరతారు. చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకుపోయేవాళ్లు. తర్వాత అవ్వ దగ్గర విడిచిపెట్టి పోయేవాళ్లు. అట్లా ఉండబట్టే నాకు చదువు అబ్బింది.

నాకు పీహెచ్‌డీ చేయాలని ఉంది. సుగ్గి మీదే చేయాలని ఆశ. ఇన్నేళ్లుగా పోతున్నా మా ఊళ్లో అప్పులు ఎందుకు తీరడం లేదో నాకు అర్థం కావడం లేదు. ఈ మాట ఒక యూనివర్సిటీలో ఒక సారుతో చెప్పాను. ఆయన నవ్వి, ‘వలసల మీద ఎవరైనా రాస్తారమ్మా, ఊళ్లు తిరిగి ఏం సాధిస్తావు? పార్ట్‌టైమ్‌లో చేరు, టాపిక్ నేనే ఇస్తా, రాసిపెట్టేవాళ్లు కూడా ఉన్నారు, మొత్తం రెండు లక్షలవుతుంది’ అన్నారు. ఆ రెండు లక్షలు అప్పు తెస్తే తీర్చడానికి అమ్మ, నాయన ఎన్ని సుగ్గులు పోవాలో తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

నాయన డీఎస్సీ రాయమంటున్నాడు. ‘టీచరైతే చాలు, ఇంగ సదివింది చాల్లే. పీహెచ్‌డీ సదివిన పిల్లకు మొగుణ్ని యాడనుంచి తెచ్చేది?’ అంటాడు. ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసే మా మేనమామ తన కొడుక్కు నన్ను అడుగుతున్నాడు. ఎమ్మిగనూరులో బట్టల అంగట్లో గుమాస్తాగా ఉన్న మా అన్న మాత్రం ‘నీకు ఇష్టమైతే చదువు, నేను చూసుకుంటా’ అంటాడు. వాడి జీతం ఎంతో నాకు తెలుసు. వాడి మీద భారం వేయలేను.

నా ఆశ తప్పా? సారు చెప్పినట్టు చేరిపోవాలా? డీఎస్సీకి కూర్చోవాలా? దారి చెప్పండి.

– ఒక సోదరి, సి.బెళగల్ మండలం

సలహా

తల్లీ, నీ ఆశ తప్పు కాదు. కానీ ఆ సారు చూపించిన దారి తప్పు. ముందు దాని సంగతి తేల్చేద్దాం.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని చేసేది పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. నీకు ఉద్యోగమే లేదు. మరి నిన్ను ఏ కాగితం మీద చేర్చుకుంటారు? ఇక రాసిపెట్టేవాళ్ల సంగతి. 2018 నుంచి థీసిస్‌లలో కాపీని పట్టుకునే నిబంధనలున్నాయి. కాపీ 10 శాతం దాటితే దిద్ది మళ్లీ ఇవ్వమంటారు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. పట్టుబడకపోయినా, నువ్వు రాయని పుస్తకం మీద నీ పేరుంటుంది. రేపు ఇంటర్వ్యూలో నలుగురు కూర్చుని ప్రశ్నలు వేస్తే ఆ పేరు నిన్ను కాపాడదు. ఆ రెండు లక్షల మాట ఇంట్లో కూడా ఎత్తకు.

ఇప్పుడు నాయన ‘టీచరైతే చాలు’ అనడం గురించి. ఆయన మాటను కొట్టిపారేయకు, అందులో నిజం ఉంది. సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ పూర్తికాగానే కొలువు దొరుకుతుందని నేను నీకు చెప్పలేను. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్లుగా ఖాళీలు పేరుకుపోయాయి, గెస్టు, కాంట్రాక్టు అధ్యాపకులతోనే తరగతులు నడుస్తున్నాయి. డాక్టరేట్ చేతిలో ఉండి గంటల లెక్కన పాఠాలు చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పైగా 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరడానికి నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష పాసైతే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాబట్టి ఉద్యోగం ఒక్కటే నీ లక్ష్యమైతే పీహెచ్‌డీ చుట్టుదారి. తెలుసుకోవాలన్న తపన ఉంటేనే ఆ దారిన నడవాలి. నీ ఉత్తరంలో ఆ తపన కనిపించింది కనుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

‘మా ఊళ్లో అప్పులు ఎందుకు తీరడం లేదు?’ అని రాశావు. అది నిఖార్సైన పరిశోధన ప్రశ్న. అలాంటి ప్రశ్న లేకుండా పీహెచ్‌డీలో చేరినవాళ్లే ఆరేళ్లయినా ఒడ్డు చేరరు.

‘ఊళ్లు తిరిగి ఏం సాధిస్తావు’ అన్న సారుకు జవాబు మన జిల్లాలోనే ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా పల్లెలు తిరిగాడు. కాలువ నీళ్లు పంచడానికి, పొలాల కాపలాకు ఊరే మనుషుల్ని పెట్టుకోవడం, దానికి ఊరుమ్మడి నిధి కూడబెట్టుకోవడం చూశాడు. ఈ పని కొన్ని ఊళ్లే ఎందుకు చేస్తున్నాయి, పక్క ఊళ్లు ఎందుకు చేయడం లేదు అని అడిగాడు. ఆ అధ్యయనం 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ పేరుతో పుస్తకంగా వచ్చింది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా తన రచనల్లో వేడ్ పరిశోధనను ప్రస్తావించింది. మనం రోజూ చూసి పట్టించుకోని నీటికాపరి, ఉమ్మడి వనరుల మీద ప్రపంచమంతా సాగిన చర్చలో భాగమయ్యాడు. దూరదేశం నుంచి వచ్చినవాడు అంత చూడగలిగితే, ఆ మట్టిలో పుట్టి, ఆ సుగ్గి బండి ఎక్కి దిగినదానివి నువ్వెంత చూడగలవో ఆలోచించు.

అయితే అనుభవం ఒక్కటే థీసిస్ కాదు. ప్రశ్నను బిగించుకోవాలి. ‘వలసలు – ఒక అధ్యయనం’ అని పెట్టుకుంటే ఆ సారు అన్నట్టే ఎవరైనా రాస్తారు. మీ తుంగభద్రనే చూడు. నది మీ మండలం పక్కనే పారుతుంది. 1860లలో తవ్విన కర్నూలు–కడప కాలువ మాత్రం మీకు దిగువన సుంకేసుల దగ్గర మొదలై వేరే ఊళ్లకు నీళ్లిస్తుంది. నది ఒడ్డు పల్లె ఎందుకు సుగ్గికి పోతోంది? బోరున్న రైతు, మెట్ట రైతు, భూమి లేని కూలీ – ఈ ముగ్గురిలో ఎవరు పోతున్నారు, ఎన్ని నెలలు పోతున్నారు? మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత, కోత కూలి ఎంత, తెచ్చిన డబ్బు దేనికి ఖర్చయింది? ఒకే ఊళ్లో ఒక యాభై ఇళ్ల లెక్కలు ఏడాది పొడుగునా రాసుకున్నా, అది ఎక్కడా దొరకని సమాచారం. ఏడాదిలో నాలుగు నెలలు ఊరు విడిచి మళ్లీ వచ్చే మనిషి జనాభా లెక్కల్లో సరిగా కనిపించడు. పిల్లల బడి హాజరు పట్టీలు, సీజనల్ హాస్టళ్ల రికార్డులు, ఉపాధి హామీ మస్టర్లు – వీటిని ఇళ్ల లెక్కలతో పోల్చి చూడు. నది అవతల పాలమూరు వలసకూ ఇవతలి సుగ్గికీ తేడా ఏమిటో చూడు. నీ ప్రశ్నకు రూపం వస్తుంది.

ఇక డబ్బు. ఫెలోషిప్ లేకుండా చేరవద్దు. నీ ఇంటి పరిస్థితికి ఇదే నా గట్టి మాట. నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. భాషా సబ్జెక్టులు కాకుండా మిగతావన్నీ ఇంగ్లిషు లేదా హిందీలోనే రాయాలి కాబట్టి ఇంగ్లిషు చదవడం ఇవాళే మొదలుపెట్టు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఐదేళ్లకు లెక్కేస్తే 24 లక్షలు, ఇంటద్దె భత్యం వేరు. ఈ అంకె నాయనకు చెప్పు. డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుందని కూడా దాచకుండా చెప్పు. జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, ఆడపిల్లలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. నీకు సమయం ఉంది, తొందరపడి ఎవరి వలలోనూ పడనక్కర్లేదు. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు కూడా ఇస్తున్నారు. జేఆర్ఎఫ్ తప్పినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 నాన్‌నెట్ ఫెలోషిప్ ఉంది. అది పెద్ద మొత్తం కాదు, కానీ అప్పు లేకుండా నిలబెడుతుంది.

గైడును ఎంచుకునేటప్పుడు మొహమాటపడకు. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో దేశంలోని లక్షలాది థీసిస్‌లు ఉచితంగా చదవొచ్చు. నువ్వు అనుకుంటున్న గైడు దగ్గర ఎవరెవరు ఏం రాశారో అక్కడ చూడు. నిబంధన ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి పరిశోధకులు ఉండకూడదు. ఆ విద్యార్థులతో మాట్లాడు. మంచి గైడు నీ ప్రశ్న విని మరో ప్రశ్న అడుగుతారు.

డీఎస్సీ సంగతికి వస్తే, రాయి. నాయన కోసమే కాదు, నీ కోసం కూడా. టీచరు ఉద్యోగం వస్తే పరిశోధన తలుపు మూసుకుపోదు. పైన చెప్పిన నిరభ్యంతర పత్రంతో అప్పుడు నిజంగానే పార్ట్‌టైమ్‌లో చేరవచ్చు, నీ జీతమే నీకు ఫెలోషిప్. రోజులో ఎక్కువ గంటలు డీఎస్సీకి ఇచ్చినా, తెల్లవారుజాము మాత్రం నెట్‌కు కేటాయించుకో. వచ్చే రెండు నెట్ పరీక్షలు గట్టిగా రాయి. ఏది ముందు చేతికొస్తే దానితో అడుగు వేయి.

పెళ్లి మాట నువ్వే మాట్లాడు. మేనమామ కొడుకు ఇష్టమో కాదో నీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఇష్టం లేకపోతే ఇప్పుడే మర్యాదగా చెప్పేయి, చదువును సాకుగా పెట్టి మేనమామను ఏళ్ల తరబడి ఆశలో ఉంచడం న్యాయం కాదు. ఇష్టమైతే, నువ్వు సర్వేకు ఊళ్లు తిరుగుతావని, గుంటూరు పొలాల్లో నెలలు ఉండాల్సి వస్తుందని ముందే చెప్పు. పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు. గడువు చాలకపోతే ఆడవాళ్లకు అదనపు కాలం ఇస్తారు, ప్రసూతి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవుంది. పెళ్లయితే చదువు ఆగాలన్న నిబంధన ఎక్కడా లేదు.

చివరిగా ఒక పని. అమ్మ, నాయన ఈసారి సుగ్గి నుంచి తిరిగొచ్చాక పక్కన కూర్చుని ఒక నోటు పుస్తకంలో వాళ్ల లెక్క రాయి: ఏ రోజు ఎన్ని కిలోలు కోశారు, ఎంత ఇచ్చారు, తిండికి, మందులకు ఎంత పోయింది, అప్పులో ఎంత జమైంది. దీనికి ఏ యూనివర్సిటీ అనుమతీ అక్కర్లేదు. నీ ప్రశ్న ఎందుకు ముఖ్యమో నాయనకు కూడా అప్పుడే అర్థమవుతుంది. పరిశోధన అక్కడే మొదలుపెట్టు, అడ్మిషన్ తర్వాత సంగతి.