గూడుబండిలో నాలుగు రాత్రులు

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 23:12–14, మత్తయి 18:15



మన పెద్దలు గూడుబండి కట్టుకొని సభలకు వెళ్లిన దినములు మీలో వృద్ధులైనవారికి జ్ఞాపకముండును. బియ్యపు మూట, పప్పు, ఉప్పు, కుండ, చాప, లాంతరు, ఇల్లంతయు ఆ బండిలోనే యుండెడిది. రాత్రివేళ ఏ చెరువుగట్టుననో ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి వండుకొని, బండి క్రింద చాప పరచుకొని పండుకొనెడివారు. ఈ నెల మనము ధ్యానింపబోవు సంగతి కూడ ఒక గూడుబండిని గూర్చినదే. అయితే అది ఎడ్లు లాగు బండి కాదు. అమెరికా దేశములో కుటుంబములు సెలవు దినములలో తీసికొని వెళ్లు మోటారు బండి. దానిని అక్కడివారు ఆర్వీ అందురు.

మా సంఘపు పెద్ద ఒకరును, ఆయన భార్యయు గత సంవత్సరము ఆ దేశములోనున్న తమ కుమారునియొద్దకు వెళ్లి ఆరు నెలలుండి వచ్చిరి. జూలై నెలలో ఆ కుమారుడు అట్టి బండిని అద్దెకు తీసికొని, భార్యను, ఇద్దరు పిల్లలను, తలిదండ్రులను ఎక్కించుకొని, సాల్ట్ లేక్ సిటీ పట్టణమునుండి సుమారు 500 కిలోమీటర్ల దూరములోనున్న యెల్లోస్టోన్ జాతీయ వనమునకు వెళ్లెను. ఆ నాలుగు రాత్రుల సంగతి ఆ పెద్ద మా ఇంటి అరుగుమీద కూర్చుండి చెప్పగా వింటిమి. ఆయన సెలవు తీసికొనియే, పేరు చెప్పకుండ, ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆ వనము, ఆ బండి

మన గోదావరి తీరమున పాపికొండల జాతీయ వనమున్నట్లే ఆ దేశములోను అనేక జాతీయ వనములు కలవు. వాటిలో మొదటిది యెల్లోస్టోన్. 1872 మార్చి 1వ తేదీన ఆ దేశాధ్యక్షుడైన గ్రాంటు చట్టముమీద సంతకము చేయగా అది ఏర్పడెను. దాని వైశాల్యము సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. అచ్చట భూమిలోనుండి వేడినీళ్లు పొంగును. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను ఊట ఇంచుమించు గంటన్నరకొకసారి తాటిచెట్టును మించిన ఎత్తునకు వేడినీటిని చిమ్మును. అడవిదున్నలు, దుప్పులు, తోడేళ్లు, ఎలుగుబంట్లు అక్కడ స్వేచ్ఛగా తిరుగును. దున్నలకును దుప్పులకును 23 మీటర్లు, ఎలుగుబంట్లకును తోడేళ్లకును 91 మీటర్లు ఎడముగా నుండవలెనని నియమము.

మొదట ఆ వనములోనికి గుఱ్ఱపు బండ్లు మాత్రమే పోయెడివి. 1915లో మోటారు కార్లను రానిచ్చిరి. వనముల లోపలి బసలలో అనేకము చిన్న బండ్ల కాలములో కట్టినవి గనుక ఈ పెద్ద బండ్లకు కావలసిన వసతులు వాటిలో తక్కువ. యెల్లోస్టోన్ లోపల నీరు, విద్యుత్తు, మురుగు గొట్టము మూడును కలిపియిచ్చు బస ఫిషింగ్ బ్రిడ్జి యొద్దనున్నది ఒక్కటే. అందుచేత అనేకులు వనపు వాకిటనున్న వెస్ట్ యెల్లోస్టోన్ వంటి ఊళ్లలో దిగుదురు. ఆ ఊరు సముద్రమట్టమునకు సుమారు 2,030 మీటర్ల ఎత్తుననున్నది, అనగా మన ఉదకమండలముకంటె కొంచెము తక్కువ. జూలైలోను రాత్రులు చలివేయును.

ఇక బండి సంగతి. దాని వెడల్పు ఎనిమిది అడుగులకు కొంచెము మించియుండును. ఆ యెనిమిది అడుగులలోనే గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, భోజనపు బల్ల, పడకలు, స్నానపు గది, మరుగుదొడ్డి అన్నియు నుండును. పగలు భోజనము చేసిన బల్లనే రాత్రి క్రిందికి దించి పడకగా మార్చుకొందురు. పడకకును పడకకును మధ్య ఒక తెర మాత్రమే. బండి నేల క్రింద మూడు తొట్లుండును: మంచినీళ్లకొకటి, గిన్నెలు కడిగిన నీళ్లకును స్నానపు నీళ్లకును ఒకటి, మరుగుదొడ్డికొకటి.

నీటి కొలత

ఆ కుటుంబము మొదటి రెండు రాత్రులు వనము లోపల గొట్టములు లేని ఒక బసలో దిగెను. బండిలోనున్న మంచినీళ్లు సుమారు 150 లీటర్లు; మనుష్యులు ఆరుగురు. మొదటి సాయంకాలమే మనుమరాలు స్నానమునకు వెళ్లి, పట్టణపు ఇంటిలో వలె నీళ్లు పారనిచ్చెను. వేడినీటి తొట్టిలో పట్టునది 23 లీటర్లే గనుక నడుమ చన్నీళ్లు పడగా కేకవేసి వెలుపలికి వచ్చెను. గోడమీద నీటి మట్టము చూపు దీపములలో అప్పటికే ఒకటి ఆరిపోయెను. కోడలు భయపడెను.

అప్పుడు పెద్దగారి భార్య, “నీళ్లు నాకొదిలెయ్యమ్మా,” అనెను. ఎండకాలములో మైలు దూరపు బావినుండి బిందెతో నీళ్లు మోసిన తల్లి ఆమె. రెండు గిన్నెలు పెట్టి, ఒకదానిలో తోమి ఒకదానిలో కడిగెను. కూరగాయలు కడిగిన నీళ్లతో ఎంగిలి పళ్లెములను మొదట తొలిపెను. పిల్లలకు చెంబు స్నానము నేర్పెను. మూడవ దినము ఉదయమునకు తొట్టిలో ఇంకను నీళ్లు మిగిలియుండెను. ఇంగ్లీషు రాదని ఆ యింటిలో మాటలాడకుండ కూర్చుండిన మామ్మ, ఆ బండిలో అందరికిని పంతులమ్మ ఆయెను.

ఎలుగుబంటియు, నాలుగు మెతుకులును

అయితే రెండవ దినము ఉదయమున ఒక బాధకరమైన సంగతి జరిగెను. మన ఇండ్లలో కోత కాగానే పిచ్చుకలకొరకు చూరునకు వరికంకులు కట్టుదుము గదా. ఆ పెద్ద తన పళ్లెములో మిగిలిన అన్నమును పిట్టలకొరకు వెలుపలి బల్ల చివర పెట్టి, గిన్నెను అచ్చటనే యుంచి, నడచుటకు వెళ్లెను. బస చూచుకొను ఉద్యోగి అది చూచి వచ్చి, ఆహారమును బండిలోగాని అచ్చటనున్న ఇనుప పెట్టెలోగాని పెట్టి మూయవలెననియు, లేనియెడల జరిమానా పడుననియు మర్యాదగానే చెప్పెను. అంతలో తండ్రి తిరిగి వచ్చెను. కుమారుడు ప్రక్క బసలవారు చూచుచుండగా బిగ్గరగా, “ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా? ఇది మన ఊరు కాదు! మీవల్ల నలుగురిలో నా పరువు పోతోంది!” అనెను.

ఆ నియమము సరియైనదే. దాని వెనుక గొప్ప కారణము కలదు. పూర్వము యెల్లోస్టోన్‌లో చెత్తగుంటలయొద్దకు ఎలుగుబంట్లు వచ్చి తినెడివి. జనులు వాటిని చూచుటకు గుమిగూడెడివారు. దారి ప్రక్కను చేతితో కూడ పెట్టెడివారు. మనుష్యుల ఆహారము రుచి చూచిన ఎలుగుబంటి మనుష్యులకు భయపడదు. 1967 ఆగస్టు 13వ తేదీ రాత్రి గ్లేషియర్ అను మరియొక జాతీయ వనములో, వేర్వేరు స్థలములలో, ఇద్దరు యౌవన స్త్రీలు ఎలుగుబంట్ల వాతబడి చనిపోయిరి. మనుష్యులు పారవేసిన తిండికి ఆ మృగములు మరగియుండెను. 1970 నాటికి యెల్లోస్టోన్‌లోని చెత్తగుంటలను మూసివేసిరి. నేటికిని మనుష్యుల తిండికి అలవాటుపడి ప్రమాదకరమైన ఎలుగుబంటిని చంపవలసి వచ్చును. కాబట్టి దయతో పెట్టిన నాలుగు మెతుకులే ఒక మృగమునకుగాని ఒక బిడ్డకుగాని మరణకారణము కావచ్చును.

ఈ సంగతి ఎవరైనను ఆ తండ్రికి నెమ్మదిగా చెప్పియుండినయెడల ఆయన గ్రహించియుండును. ఎవరును చెప్పలేదు. ఆయన బండిలోనికి వెళ్లి మంచముమీద కూర్చుండెను. ఆ దినము భోజనము చేయలేదు. అందరు వేడినీటి ఊట చూచుటకు దిగినప్పుడు ఆయన దిగలేదు. “అయ్యగారూ, అప్పుడు నాకు మన ఊరి మీదికి ప్రాణం పోయింది. రెక్కలుంటే వచ్చేసేవాణ్ణి,” అని మాతో చెప్పెను. ఆ రాత్రి పదేండ్ల మనుమడు వనమువారిచ్చిన చిన్న పుస్తకము తెచ్చి, ప్రక్కన కూర్చుండి, ఎలుగుబంటి కథను వచ్చీరాని తెలుగులో చెప్పి, “తాతయ్యా, మన ఊళ్లో పిచ్చుకలు ఉన్నాయా?” అని అడిగెను. ఆయన వరికంకుల సంగతి చెప్పెను. తెర కావల కుమారుడు మేలుకొనియే యుండి వినుచుండెను. పట్టణపు ఇంటిలోనైతే తలుపు మూసికొనియుండును. ఆ బండిలో మూసికొనుటకు తలుపు లేదు.

పాళెము వెలుపల

మూడవ ఉదయమున మురికి తొట్లను ఖాళీ చేయవలసి వచ్చెను. దానికి బసలలో ప్రత్యేక స్థలము కలదు. చేతికి రబ్బరు తొడుగులు వేసికొని, లావుపాటి గొట్టమును బండికి తగిలించి, రెండవ కొనను నేలలోని కంతలో గట్టిగా నుంచవలెను. ముందు మరుగుదొడ్డి తొట్టిని, పిమ్మట స్నానపు నీళ్ల తొట్టిని వదలవలెను. అప్పుడు ఆ నీళ్లే గొట్టమును కడుగును. నేలమీద చుక్క పడినను కడిగి పోవలెను, ఏలయనగా వెనుక వేరొక కుటుంబము నిలిచియున్నది.

ఇది నేటి కాలపు కొత్త నియమమని తలంచకుడి. మన మొదటి పాఠ్యభాగమును చదువుడి. పాళెము వెలుపల ఒక చోటు ఉండవలెననియు, ప్రతివాడును త్రవ్వుటకు ఒక పనిముట్టును ఉంచుకొని తన మలమును కప్పివేయవలెననియు మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. ప్రభువు పాళెము మధ్య సంచరించుచున్నాడనునదే దానికి చెప్పబడిన కారణము. అయితే మనమేమి చేయుచున్నాము? సభలు ముగిసిన మరునాడు కాలువగట్టును చూడుడి. విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల పొట్లములు! ఆ చేను గలవాడు మన పాటలను జ్ఞాపకముంచుకొనునా, మన చెత్తను జ్ఞాపకముంచుకొనునా?

ఆ ఉదయమున కుమారుడు గొట్టముతో తంటాలు పడుచుండగా తండ్రి బండి దిగి వచ్చి, రెండవ జత తొడుగులు వేసికొని, గొట్టపు కొనను కంతలో అదిమి పట్టెను.

“మీరెందుకు నాన్నా, నేను చేస్తాను,” అని కుమారుడనెను.

“నీ చిన్నప్పుడు నీది నేనెత్తలేదా? పట్టుకో,” అని తండ్రి అనెను.

పని ముగిసి చేతులు కడుగుకొనునప్పుడు కుమారుడు, “నిన్న తప్పు మాట్లాడాను నాన్నా,” అనెను. తండ్రి కొంతసేపు ఊరకుండి, “నువ్వు చెప్పింది తప్పు కాదురా. అందరి ముందు అన్నావు చూడు, అది తగిలింది,” అనెను. తరువాతి రెండు రాత్రులు వారు వెస్ట్ యెల్లోస్టోన్‌లో దిగిరి. అక్కడినుండి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సుమారు 48 కిలోమీటర్లు. కుమారుడు తండ్రి నొక్కనినే వెంటబెట్టుకొని తిరిగి అచ్చటికి వెళ్లి, ఊట పొంగువరకు ప్రక్కన కూర్చుండెను.

మాట కొలత

మన రెండవ పాఠ్యభాగములో ప్రభువు సెలవిచ్చినదేమి? నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల మొదట నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు చెప్పవలెను. చెప్పవలసినది విడిచిపెట్టుమని కాదు. ఎక్కడ చెప్పవలెనో నేర్పుచున్నాడు. నియమము మన పక్షముననుండుట చేత మాట ఎట్లనైనను పలుకవచ్చునని తలంచుదుము. ఆ కుమారుడు తలంచినదియు అదియే.

ఈ సంగతి వినుచుండగా మాకు మా తప్పిదమే జ్ఞాపకము వచ్చెను. కొంతకాలము క్రిందట ఒక యౌవనుడు ఆరాధనలో వేరొక అధ్యాయము తెరచి చదువగా, మేము ప్రసంగపీఠమునుండియే అతనిని గద్దించితిమి. నలుగురు నవ్విరి. ఆ తరువాత అతడు గుడికి రాలేదు. మేము దానిని అతని గర్వమనుకొంటిమి. పెద్దగారు అరుగు దిగి వెళ్లిన సాయంకాలమే మేము ఆ యౌవనుని ఇంటికి వెళ్లి, అతని తల్లి యెదుటనే క్షమాపణ అడిగితిమి. అతడు ఏమియు మాటలాడక మాకు కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చియిచ్చెను. ఇంకను ఆరాధనకు రాలేదు. మేము మరల వెళ్లుదుము.

మన ఇండ్లు ఆ బండికంటె పెద్దవి కావచ్చును, చిన్నవి కావచ్చును. అందరికిని చాలునట్లు నీళ్లు వాడుట, మన మురికిని పొరుగువానికి విడిచిపెట్టకుండుట, గద్దింపును ఒంటరిగా చెప్పుట, ఈ మూడును ఈ నెల మన ఇండ్లలో అభ్యసింతము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో మాటలాడకుండ కూర్చుండిన వృద్ధులయొద్ద మనము నేర్చుకొనదగిన పని ఏది?

2. సభలకుగాని విందులకుగాని పోయినప్పుడు మనము కూర్చుండిన చోటును ఎట్లు విడిచి వచ్చుచున్నాము?

3. నలుగురిలో మనము గద్దించినవారెవరైన కలరా? వారి ఇంటికి ఎప్పుడు వెళ్లుదుము?