డాక్‌కు తగిలించిన లైనక్స్ ల్యాప్‌టాప్: పెద్ద తెర రాకపోతే

పోచంపల్లిలో మగ్గం ఉన్న గదికి పక్క గదిలోనే ల్యాప్‌టాప్, దాని పక్కన పెద్ద మానిటర్ పెట్టుకున్న ఇళ్లు నాకు చాలా తెలుసు. కొందరు హైదరాబాద్ కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసే పిల్లలు. కొందరు గ్రాఫ్ కాగితం మీద గీసే చిటికి (నూలును ముడులు కట్టి రంగద్దే) డిజైన్లను ఇంక్‌స్కేప్‌లోకి, గింప్‌లోకి మార్చుకున్న డిజైనర్లు. ఈ రెండు రకాల వాళ్లలో ఉబుంటునో ఫెడోరానో వాడేవాళ్లు, పనంతా డాక్‌కు, అంటే మానిటర్, కీబోర్డులను ఒకే వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టెకు, తగిలించిన మానిటర్ మీదే చేసేవాళ్లు నాకు తరచుగా చేసే ఫోన్ ఒకటుంది. “అన్నా, కరెంటు పోయొచ్చింది. పెద్ద స్క్రీన్ వస్తలేదు. పది నిమిషాల్ల మీటింగ్ ఉంది.”

మీటింగ్ ముందున్నప్పుడు చేయాల్సిన పని వేరు, తర్వాత తీరిగ్గా చేయాల్సిన పని వేరు. ముందుంటే డాక్ వైరు లాగేసి, ల్యాప్‌టాప్ తెర మీదే మీటింగ్‌లో చేరండి. ఛార్జింగ్ తక్కువగా ఉంటే ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు ఛార్జర్ పెట్టండి. ఆదరాబాదరాగా నాలుగు వైర్లు మార్చి, రెండు సెట్టింగులు తిప్పి, ఒకసారి రీస్టార్ట్ చేసినవాళ్లకు చివరికి తెర వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. వారం తిరగకముందే మళ్లీ అదే ఇబ్బంది.

తీరిగ్గా కూర్చున్నప్పుడు చేయాల్సింది ఈ ఊరి నేతగాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. చీర మీద పువ్వు చెదిరిందంటే మగ్గం మీద పేక జరిగిందా, పడుగు కట్టినప్పుడు తప్పిందా, రంగు చిటికి కిందికి పాకిందా, అసలు ఆసు పోసినప్పుడే లెక్క తప్పిందా అని ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లి చూస్తారు. మానిటర్ విషయమూ అంతే. బొమ్మ ల్యాప్‌టాప్ లోపలి గ్రాఫిక్స్ చిప్పు దగ్గర పుట్టి, కెర్నెల్ చెప్పిన పోర్టులోంచి, కేబుల్‌లోంచి, డాక్‌లోంచి, ఇంకో కేబుల్‌లోంచి మానిటర్‌కు చేరుతుంది. అది ఎక్కడ ఆగిందో తేలేదాకా దేన్నీ బాగుచేయబోవద్దు. ఒకసారి ఒక్కటే మార్చండి.

ఆ దారిని మధ్యకు కోసి చూపించే చోటు ఒకటుంది. చాలామందికి ఇది తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. లైనక్స్‌లో ‘సిస్’ అనే ఫోల్డర్‌లో ‘క్లాస్’, దానిలో ‘డీఆర్ఎం’ అనే ఫోల్డర్ ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు బొమ్మ బయటికి పంపే దారులు ఎన్ని ఉంటే, అక్కడ అన్ని పేర్లు కనిపిస్తాయి: ఈడీపీ అంటే ల్యాప్‌టాప్ సొంత తెర, హెచ్‌డీఎంఐ అంటే ఆ పోర్టు, డీపీ-1, డీపీ-2 లాంటివి టైప్-సీ పోర్టుల ద్వారా వెళ్లే దారులు. ప్రతి దానిలో ‘స్టేటస్’ అని ఒక చిన్న ఫైలు. తెరిస్తే ఒకే మాట ఉంటుంది, కనెక్టెడ్ అనో డిస్‌కనెక్టెడ్ అనో. డాక్ తగిలించి, మానిటర్ ఆన్‌లో పెట్టి, ఈడీపీ కాని పేర్లలో ఆ మాట చూడండి. కనెక్టెడ్ అని ఉండి తెర నల్లగా ఉంటే కేబుల్, డాక్ మానిటర్‌ను కనీసం గుర్తుపట్టాయన్నమాట. ముందు చూడాల్సింది డెస్క్‌టాప్ సెట్టింగులు, ఆ తర్వాత రెజల్యూషన్. డిస్‌కనెక్టెడ్ అని ఉంటే సెట్టింగుల జోలికే వెళ్లొద్దు. కేబుల్, పోర్టు, డాక్, కరెంటు, డ్రైవర్, ఈ ఐదింటిలోనే ఉంది మీ సమస్య. సగం వెతుకులాట అక్కడే తప్పుతుంది.

దీనికి తోడు టెర్మినల్‌లో డీమెసేజ్ కమాండ్‌ను ఆగకుండా చూపించే పద్ధతిలో నడిపి, అది తెరిచి ఉండగానే డాక్ వైరు తీసి పెట్టండి. పెట్టగానే వరసగా కొత్త లైన్లు రావాలి. ఒక్క లైను కూడా రాకపోతే పోర్టో కేబులో డాకో పనిచేయట్లేదు. యూఎస్‌బీ లైన్లు వచ్చి, కీబోర్డు, మౌస్ పనిచేస్తూ, తెర మాత్రం రాకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. ఫోన్‌తో వచ్చే టైప్-సీ వైర్లలో ఎక్కువ భాగం ఛార్జింగ్‌కూ నెమ్మది డేటాకూ పనికొచ్చేవే. వాటిలో బొమ్మ మోసే తీగలు ఉండవు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. డాక్‌తో వచ్చిన వైరుకు రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే ఇంట్లో ఎవరూ ఫోన్ ఛార్జింగ్‌కు ఎత్తుకెళ్లరు. పోర్టులూ అంతే. టైప్-సీ ఆకారం ఉన్నంత మాత్రాన అది తెరకు పనికొస్తుందని కాదు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూడండి. లేకపోతే ల్యాప్‌టాప్ మోడల్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉందో లేదో చూడండి.

కరెంటు సంగతికి వస్తాను. ఈ ఊళ్లో ఎక్కువ ఫిర్యాదులు దీని చుట్టూనే. కరెంటు పోయి వచ్చాక డాక్ లోపలి చిప్పు ఒక్కోసారి సగంలో ఇరుక్కుపోతుంది. లైటు వెలుగుతుంది, ఛార్జింగ్ ఎక్కుతుంది, తెర మాత్రం రాదు. ల్యాప్‌టాప్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే డాక్‌కు సొంత అడాప్టర్ ఉంది, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయినా డాక్ పూర్తిగా ఆరదు. ల్యాప్‌టాప్ నుంచి డాక్ వైరు తీయండి. డాక్ అడాప్టర్‌ను గోడ ప్లగ్గు నుంచి తీయండి. మానిటర్‌ను కూడా బటన్‌తో ఆపడం చాలదు, దాని పవర్ వైరు తీయండి. ఒక నిమిషం అలాగే ఉంచండి. తర్వాత ముందు మానిటర్, ఆ తర్వాత డాక్ అడాప్టర్, చివరగా ల్యాప్‌టాప్. ఈ వరసే ఎందుకంటే ల్యాప్‌టాప్ వచ్చి అడిగేసరికి మానిటర్ తన రెజల్యూషన్ల చిట్టా చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. ఆ చిట్టాను ఈడీఐడీ అంటారు. అది చదవడం కుదరకపోతే తెర వచ్చినా 1024×768 లాంటి పాత సైజులో పెద్ద పెద్ద అక్షరాలతో వస్తుంది.

కరెంటు పోయినప్పుడు జరిగే ఇంకో నష్టం ఎక్కువమందికి అర్థం కాదు. బల్ల మీద చోటు కోసం ల్యాప్‌టాప్ మూత మూసి, పెద్ద మానిటర్ మీదే పనిచేస్తుంటారు. బయటి తెర ఉన్నంతసేపు లైనక్స్ మూత మూసి ఉన్న సంగతి పట్టించుకోదు. కరెంటు పోగానే మానిటర్, డాక్ ఆరిపోతాయి. అప్పుడు సిస్టమ్‌కు కనిపించేది మూత మూసిన, బయటి తెర లేని ల్యాప్‌టాప్. బ్యాటరీ నిండుగా ఉన్నా కాసేపట్లో అది నిద్రపోతుంది. కాల్ తెగిపోతుంది, రిమోట్ సర్వర్‌తో సంబంధం పోతుంది, సగంలో ఉన్న ఫైలు ఎక్కింపు ఆగిపోతుంది. సిస్టమ్‌డీలోని లాగిన్‌డీ కాన్ఫిగరేషన్ ఫైలులో మూతకు సంబంధించిన సెట్టింగును ‘ఇగ్నోర్’ చేస్తే ఇది ఆగుతుంది. కానీ అలా మార్చాక మూత మూసి బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కితే ల్యాప్‌టాప్ నిద్రపోదు, బ్యాగులోనే వేడెక్కుతుంది. అందుకే నేను ఆ మార్పు ఎవరికీ చెప్పను. మూత తెరిచే ఉంచండి. చిన్న తెర మీద చాట్ విండో పెట్టుకోండి. పెద్ద తెర పోయినప్పుడు ఏం జరిగిందో చూడటానికి అది కళ్లెదురుగా ఉంటుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకో మాట. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైన్ ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే ఇస్తారు, ప్లగ్ పాయింట్లకు ఉండదు. 24 అంగుళాల మానిటర్ తీసుకునే కరెంటు మామూలుగా 20, 30 వాట్లే, పాతరకం సీలింగ్ ఫ్యాను కంటే తక్కువ. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి మీ బల్ల దగ్గరి ఒక్క ప్లగ్గును ఇన్వర్టర్ లైన్‌లోకి మార్పించుకోండి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో అప్పుడే చూపించుకోండి. కొత్త డాక్ కొనడం కంటే ఇది ముందు చేయాల్సిన పని.

తెర వస్తుంది కానీ అనుకున్నంత స్పష్టంగా రాదు, లేదా రెండు మానిటర్లలో ఒకటే వస్తుంది అంటే లెక్క చూడాలి. టైప్-సీలో వేగంగా డేటా పోయే దారులు నాలుగు. చాలా డాక్‌లు రెండింటిని యూఎస్‌బీకి ఉంచి, రెండింటినే బొమ్మకు ఇస్తాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 స్థాయిలో ఒక్కో దారి వేగం సెకనుకు 5.4 గిగాబిట్లు. కోడింగ్‌కు పోయేది పోగా రెండు దారుల మీద బొమ్మకు మిగిలేది 8.64. 1080 తెర 60 హెర్ట్జ్‌లో నడవడానికి సుమారు మూడున్నర చాలు, కాబట్టి అలాంటివి రెండు సరిపోతాయి. 4కే తెర 60 హెర్ట్జ్‌కు పన్నెండున్నర దాటుతుంది, పట్టదు. అందుకే అది 30 హెర్ట్జ్‌కు దిగిపోతుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ వెళ్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో ఒక్కో దారి 8.1కి చేరుతుంది కానీ ల్యాప్‌టాప్, డాక్ రెండూ ఆ స్థాయివి కావాలి. వాటిలో ఏది తక్కువో అదే నడుస్తుంది. డిజైన్ పని చేసేవాళ్లకు నా సలహా: 4కే, 30 హెర్ట్జ్ మీద కళ్లు నొప్పి పెట్టుకోవద్దు. 2560×1440, 60 హెర్ట్జ్ ఈ డాక్‌లలో హాయిగా పడుతుంది. చిటికి గళ్లు లెక్కపెట్టుకుంటూ గీసే పనికి చేతితో పాటు కదిలే తెర ముఖ్యం. 4కే తప్పదనుకుంటే, ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టు 2.0 స్థాయిదైతే మానిటర్‌ను నేరుగా దానికే పెట్టి, డాక్‌ను కీబోర్డుకూ నెట్‌కూ వాడుకోండి.

తెర వచ్చి పోతూ, వచ్చి పోతూ ఉన్నా ఈ వేగమే చూడాలి. సెట్టింగుల్లో హెర్ట్జ్ ఒక మెట్టు తగ్గించండి. నిలబడితే కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోందన్నమాట. పొట్టి కేబుల్ కొనండి.

నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత పోయిందంటే మీ డాక్ ఏ జాతిదో తెలియాలి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టినప్పుడు డిస్‌ప్లేలింక్ అన్న పేరు కనిపిస్తే మీ డాక్ బొమ్మను మామూలు దారిలో పంపడం లేదు. బొమ్మను కుదించి యూఎస్‌బీ డేటాగా పంపుతోంది. దానికి ఈవీడీఐ అనే కెర్నెల్ మాడ్యూల్, డిస్‌ప్లేలింక్ వాళ్ల ప్రోగ్రామ్ రెండూ ఉండాలి. కెర్నెల్ మారిన ప్రతిసారీ ఆ మాడ్యూల్ మళ్లీ తయారవ్వాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దానికి మీరు నమోదు చేసిన తాళంతో సంతకం కూడా ఉండాలి, లేకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టమని అడిగి, రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చినప్పుడు భయపడి ‘కంటిన్యూ’ నొక్కినవాళ్లకు డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది కానీ తెర రాదు. ఆ నీలం తెరలో ఎన్‌రోల్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి.

మామూలు డాక్ అయితే రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. ఉబుంటు, ఫెడోరా రెండూ పాతదాన్ని ఉంచుతాయి. పాతదాంట్లో తెర వస్తే డాక్ తప్పు లేదు, కొత్త డాక్ కొనక్కర్లేదు. సవరణ వచ్చేదాకా పాతదాంట్లో పని చేసుకోండి. థండర్‌బోల్ట్ డాక్ అయితే సెక్యూరిటీ సెట్టింగుల్లో దానికి అనుమతి ఉందో లేదో చూడండి. బయోస్ అప్‌డేట్ తర్వాత ఆ అనుమతి పోవచ్చు.

కెర్నెల్ కనెక్టెడ్ అని చెప్తున్నా తెర నల్లగా ఉన్నవాళ్లకు: గ్నోమ్ వాడితే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్స్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. పాత అమరికలన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని పేరు మార్చి పక్కన పెట్టి, లాగౌట్ అయి మళ్లీ రండి. డాక్ ద్వారా వచ్చే మానిటర్ పేరు ఒకరోజు డీపీ-3-1, ఇంకోరోజు డీపీ-5-1 కావచ్చు. పేరు మారితే పాత అమరిక వర్తించదు, కుడి తెర ఎడమకు పోతుంది. వేలాండ్ సెషన్‌లో ఎక్స్‌రాండ్ఆర్ పాఠాలు చూసి కమాండ్లు కొట్టకండి, అక్కడ అవి తెరలను మార్చవు. ఎన్విడియా చిప్పు ఉన్న ల్యాప్‌టాప్‌లలో కొన్ని పోర్టులు ఆ చిప్పుకే కలిపి ఉంటాయి. ఎన్విడియా డ్రైవర్ ఎక్కకపోతే ఆ పోర్టులు చచ్చినట్టే కనిపిస్తాయి, పక్క పోర్టు మాత్రం పనిచేస్తుంది.

డాక్‌కు కూడా ఫర్మ్‌వేర్ ఉంటుంది. లైనక్స్‌లో ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ప్రోగ్రామ్ డెల్, లెనోవో లాంటి కంపెనీల కొన్ని డాక్‌లకు కొత్త ఫర్మ్‌వేర్ నేరుగా తెచ్చిపెడుతుంది. పాత ఇబ్బందులు చాలా దానితో పోతాయి. అయితే ఈదురుగాలి, ఉరుములు ఉన్న సాయంత్రం ఆ పని మొదలుపెట్టవద్దు. మధ్యలో కరెంటు పోతే డాక్ మళ్లీ లేవకపోవచ్చు. ఇన్వర్టర్ ప్లగ్గు మీద, పొద్దున పూట చేయండి.

ఇన్ని చేసినా తేలకపోతే సాయం అడగాల్సిందే. ఆఫీసు ఐటీ వాళ్లకు రాసినా, హైదరాబాద్‌లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసిన స్వేచ్ఛ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ బృందాలను అడిగినా, “స్క్రీన్ రావట్లేదు” అని మాత్రం రాయకండి. ల్యాప్‌టాప్ మోడల్, డాక్ మోడల్, మానిటర్ మోడల్, కెర్నెల్ వెర్షన్, వేలాండా ఎక్స్11నా, స్టేటస్ ఫైలులో ఏముంది, పాత కెర్నెల్‌లో వస్తుందా, మానిటర్‌ను డాక్ లేకుండా నేరుగా పెడితే వస్తుందా, వైరు పెట్టిన క్షణం నుంచి డీమెసేజ్‌లో వచ్చిన లైన్లు, ఇవన్నీ ఒకే ఉత్తరంలో పెట్టండి. ఆఖరున మారింది ఏమిటో కూడా రాయండి: కరెంటా, అప్‌డేటా, కొత్త వైరా. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే బయోస్ సెట్టింగులు, సెక్యూర్ బూట్ మీరే మార్చకుండా ఆ ఉత్తరంలోనే అనుమతి అడగండి.