బయోచార్ కొలిమిలో ఉష్ణోగ్రతను కొలవడం – సిరామిక్ తొడుగు గల సెన్సార్లు

పత్తి కట్టెను పొలంలోనే తగులబెట్టే అలవాటుకు ప్రత్యామ్నాయంగా బయోచార్ తయారీ ప్రచారంలోకి వచ్చింది. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ డ్రమ్ముతో రూపొందించిన కొలిమి ఇందుకు ఒక ఉదాహరణ. అయితే ప్రయోగ నివేదికలో "500° సె. వద్ద తయారైన బయోచార్" అని వ్రాసినప్పుడు, ఆ అంకెను ఏ సాధనంతో, కొలిమిలో ఏ చోట కొలిచారో కూడా చెప్పకపోతే ఆ ఫలితాన్ని మరొకరు పోల్చి చూడలేరు.

350° వద్ద బొగ్గు దిగుబడి ఎక్కువ, అందులో బాష్పశీల పదార్థమూ ఎక్కువే. 600° వద్ద దిగుబడి తగ్గి, బూడిద శాతం, ఉదజని సూచిక పెరుగుతాయి. ఉదజని సూచిక ఇప్పటికే 8 దాటిన నల్లరేగడి నేలకు సిఫారసు చేసేటప్పుడు ఈ తేడాను విస్మరించడం తగదు.

కొలిమిలో సాధారణంగా వాడేది కె-రకం థర్మోకపుల్. క్రోమెల్, అల్యుమెల్ తీగల జంటలో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టుల విద్యుత్ పీడనం పుడుతుంది. ఆక్సిజన్ కొరవడిన వాయువులో 800° దాటితే క్రోమెల్‌లోని క్రోమియం మాత్రమే ఆక్సీకరణం చెంది తీగపై ఆకుపచ్చని పొర ఏర్పడుతుంది. లోహ శాస్త్రజ్ఞులు దీనిని 'గ్రీన్ రాట్' అంటారు; సస్య శాస్త్రజ్ఞులకు ఇది పైరు తెగులు పేరులాగే వినిపిస్తుంది. ఈ స్థితిలో సెన్సార్ అసలు వేడి కంటే తక్కువ చూపుతుంది. బొగ్గు పొరలో అంత వేడి లేకపోయినా, పైనున్న మంటలో ఉండవచ్చు. వరిగడ్డి కాల్చేటప్పుడు వెలువడే పొటాషియం, క్లోరిన్ సమ్మేళనాలు ఉక్కు తొడుగునూ తినివేస్తాయి.

వాయువు చొరబడని అల్యూమినా గొట్టం ఈ రెండింటి నుండీ తీగలను కాపాడుతుంది. అల్యూమినా కరగడానికి 2,000° పైబడిన వేడి కావాలి. కానీ అది పెళుసు. వేడి మార్పులు సెన్సార్‌కు చేరడం కూడా కొంత ఆలస్యమవుతుంది. ఎర్రగా కాలిన బొగ్గుపై నీరు చల్లి ఆర్పే పద్ధతిలో గొట్టాన్ని ముందే మెల్లగా బయటికి తీయాలి, లేనిచో పగులుతుంది. గొట్టం వ్యాసానికి కనీసం పది రెట్ల లోతున బొగ్గులో దింపకపోతే, వేడి గొట్టం వెంబడి బయటికి ప్రవహించి రీడింగు తగ్గుతుంది. డ్రమ్ములో అంచుకూ మధ్యకూ వేడి ఒకటి కాదు గనుక ఒక్క సెన్సార్ చాలదు.

సరిచూడటానికి మరిగే నీరు చాలదు. శుద్ధమైన జింకును అల్యూమినా మూసలో, మఫిల్ ఫర్నేసులో కరిగించి, సెన్సార్‌ను గొట్టంతో సహా అందులో దింపి నెమ్మదిగా చల్లార్చాలి. కరిగిన జింకు ఉక్కును హరిస్తుంది గానీ అల్యూమినాను తాకదు. లోహం గడ్డకట్టేంత సేపూ రీడింగు ఒకే చోట నిలుస్తుంది, అది 419.5° ఉండాలి. మామూలు తరగతి కె-రకానికి ఆ వేడి వద్ద 3° వరకు తేడా అనుమతించదగినదే. అంతకు మించితే ఆ సెన్సార్‌ను మార్చాలి.