గోడ అర ఎంత వెడల్పు ఉండాలి?

ఇల్లు చిన్నది. సామాను ఎక్కువ. అన్నీ నేల మీద పెడితే నడవడానికి చోటు ఉండదు. చీమలు పడతాయి. తడి తగులుతుంది. అందుకే గోడకు అరలు పెట్టుకుంటాం.

పాత మట్టి ఇళ్ళల్లో గోడలు మందంగా ఉండేవి. గోడలోనే గూళ్ళు వదిలి కట్టేవారు. గూడు గోడ లోపలికి ఉంటుంది. ఎవరికీ అడ్డం రాదు. ఇప్పటి ఇటుక గోడలు చాలా ఇళ్ళల్లో నాలుగున్నర అంగుళాలో, తొమ్మిది అంగుళాలో ఉంటాయి. వాటిలో గూడు తియ్యడం కష్టం. అందుకని అర బయటికి వస్తుంది. కొందరు ఇల్లు కట్టేటప్పుడే కడప రాయి పెట్టిస్తారు. కొందరు తరువాత చెక్క బిగిస్తారు. కింద ఆనింపు కనపడకుండా, గోడలోకి దిగిన ఇనుప చువ్వల మీద నిలబడే చెక్క అరలు కూడా ఇప్పుడు వచ్చాయి.

అర ఏదైనా సరే, ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉంది. గోడ నుంచి ముందుకి ఎంత రావాలి? అదే అర వెడల్పు.

సామానును ముందు కొలవండి

చాలామంది ముందు చెక్క కొంటారు. తరువాత దాని మీద ఏమి పెట్టాలా అని చూస్తారు. ఇది తలకిందుల పని. ముందు సామాను చూడాలి. ఆ తరువాతే చెక్క.

జానతో, బెత్తెతో కొలవడం మనకు అలవాటు. కానీ ఎవరి జాన వారిదే. మీ జాన ఒకటి, వడ్రంగి జాన ఒకటి. టేపు అయితే అందరికీ ఒకటే. టేపు మీద ఒక వైపు అంగుళాలు, ఒక వైపు సెంటీమీటర్లు ఉంటాయి. 12 అంగుళాలు ఒక అడుగు. ఒక అడుగు అంటే సుమారు 30 సెంటీమీటర్లు. అంకెలు చదవడం వచ్చిన వారికి టేపు చదవడం వచ్చినట్టే.

గిన్నె అయితే అడుగు భాగం కొలిస్తే చాలదు. బాగా ఉబ్బుగా ఉన్న చోట ఈ చివర నుంచి ఆ చివరకు కొలవాలి. చెవులు ఉంటే వాటినీ కలపాలి. ఆ కొలతకు ఒక అంగుళం కలపండి. అదే అర వెడల్పు.

వెడల్పు తక్కువైతే, ఎక్కువైతే

వెడల్పు తక్కువైతే గిన్నె అంచు బయటికి వస్తుంది. చెయ్యి తగిలితే కింద పడుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు.

వెడల్పు ఎక్కువైతే వచ్చే ఇబ్బంది వెంటనే కనపడదు. ముందు ఒక వరస, వెనక ఒక వరస సామాను చేరుతుంది. వెనక ఉన్నది కంటికి ఆనదు. ఉన్న పప్పే మళ్ళీ కొంటాం. పాత పప్పు పురుగు పడుతుంది. చీకటి మూలల్లో బొద్దింకలు చేరతాయి.

దారిలో అర పెడితే నడక కష్టమవుతుంది. 3 అడుగుల దారిలో ఒక అడుగు అర పెడితే 2 అడుగులే మిగులుతాయి. చంకన బిందె పెట్టుకుని అందులోంచి నడవగలరా? అర అంగుళాల్లో కొలుస్తాం కానీ, దెబ్బ తలకు తగులుతుంది.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. అర ఎంత వెడల్పు అనుకున్నారో అంత అట్టముక్క కత్తిరించండి. ఒకరు దాన్ని గోడకు ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు బిందెతో అటూ ఇటూ నడవాలి. వంగి లేవాలి. తలుపు తీసి వెయ్యాలి. ఏదీ తగలకపోతే ఆ కొలత మంచిదే.

బరువు సంగతి

నీళ్ళ బిందె చంకన ఉంటే మోస్తాం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే? భుజం లాగేస్తుంది. బిందె అదే. నీళ్ళు అవే. ఒంటికి దూరమైంది, అంతే.

అర కూడా అంతే. 6 అంగుళాల అర అంచున 5 కిలోల డబ్బా పెట్టారనుకోండి. గోడలోని మరను అది కొంత లాగుతుంది. 12 అంగుళాల అర అంచున అదే డబ్బా పెడితే రెండింతలు లాగుతుంది. పైగా వెడల్పు ఉంది కదా అని మనం ఇంకా సామాను పెడతాం. ఒకనాటికి అర ఊడి వస్తుంది. కింద పసిబిడ్డ పడుకుని ఉంటే?

అందుకే బరువైనవి గోడ దగ్గరికి జరపాలి. తేలికైనవి ముందు పెట్టాలి. ఆనింపు కనపడని అర 10 అంగుళాలు దాటకుండా చూసుకోవడం మంచిది. అంతకన్నా వెడల్పు కావాలంటే కింద ఇనుప బ్రాకెట్లు వేయించాలి.

గోడ కూడా గట్టిగా ఉండాలి. పైన సిమెంటు పూత పలచగా ఉంటుంది. మర ఆ పూతలోనే ఆగితే నిలవదు. ఇటుక లోపలికి దిగాలి. మట్టి గోడకు ఇలాంటి అర పనికిరాదు. అక్కడ నేల మీద నిలబడే బల్ల మేలు. స్విచ్చి బోర్డుకు సరిగ్గా పైనా కిందా గోడలో కరెంటు తీగలు ఉండవచ్చు. అక్కడ రంధ్రం వెయ్యనియ్యకండి.

లెక్క వచ్చింది, డబ్బు మిగిలింది

ఒక ఇంట్లో వంటింటికి మూడు అరలు కావాలి. ఒక్కొక్కటి 4 అడుగుల పొడవు. వడ్రంగి వచ్చాడు.

"మూడూ అడుగు వెడల్పు వేసేద్దామమ్మా. అన్నిటికీ పనికొస్తాయి" అన్నాడు.

"సరే నాయనా, అలాగే కానివ్వు" అంది అత్త.

కోడలు టేపు తీసింది.

"ఒక్క నిమిషం ఆగండత్తయ్యా. పోపు సామాను సీసాలు రెండున్నర అంగుళాలే. రెండు వరసలు పెట్టినా 5. ఒక అంగుళం కలిపితే 6. పిల్లల పుస్తకాలు 8 అంగుళాల పైన కొంచెం. వాటికి 9 చాలు. పెద్ద గిన్నె 11. దానికి మాత్రం 12 కావాలి" అంది.

"అయితే ఎంత తగ్గుతుందమ్మాయ్?" అని అడిగింది అత్త.

కోడలు కాగితం మీద రాసింది. చెక్కను చదరపు అడుగుల్లో లెక్క కడతారు. పొడవును వెడల్పుతో గుణించాలి.

వడ్రంగి చెప్పినట్టు అయితే: ఒక్కో అర 4 చదరపు అడుగులు. మూడు అరలకు 12.

కోడలు చెప్పినట్టు అయితే: 6 అంగుళాల అర 2 చదరపు అడుగులు. 9 అంగుళాల అర 3. అడుగు అర 4. మొత్తం 9.

"చదరపు అడుగు 100 రూపాయలు అనుకుందాం అన్నా. 1,200 అయ్యేది 900 అవుతుంది. 300 మిగులుతాయి" అంది కోడలు.

వడ్రంగి కాగితం తీసుకుని చూశాడు. "లెక్క సరిగ్గా ఉందమ్మా. ఇదే కొలత వేస్తాను" అన్నాడు.

"పెద్ద గిన్నెల అర అన్నిటికన్నా కింద పెట్టు నాయనా. బ్రాకెట్లు వెయ్యి. బరువు నెత్తి మీద ఉండకూడదు" అంది అత్త. ఆ మాట కూడా సరైనదే.

పొయ్యి దగ్గర జాగ్రత్త

పొయ్యికి పైన అర వద్దు. డబ్బా కోసం మంట మీదుగా చెయ్యి చాపుతాం. పైట జారుతుంది. మంట అంటుకుంటుంది. అర పక్కకు పెట్టండి.

వంట గట్టు సాధారణంగా 2 అడుగుల వెడల్పు ఉంటుంది. దాని పైన వేసే అర ఒక అడుగు దాటకూడదు. దాటితే కూర తరిగేటప్పుడు నుదురు తగులుతుంది.

పురుగుమందు, కిరసనాయిలు, మందుబిళ్ళలు తెరిచి ఉన్న అర మీద పెట్టకండి. ఎత్తున ఉన్నాయని ధైర్యం వద్దు. పిల్లలు పీట వేసుకుని ఎక్కుతారు. వాటికి తాళం ఉన్న పెట్టె కావాలి.

గుర్తుంచుకోండి

1. ముందు సామాను కొలవాలి. తరువాత చెక్క కొనాలి.
2. సామాను కొలతకు ఒక అంగుళం కలపాలి.
3. వెడల్పు పెరిగితే గోడ మీద లాగుడు పెరుగుతుంది.
4. అట్టముక్కతో పరీక్ష చేసి చూడాలి.
5. కొలతలు కాగితం మీద రాసి వడ్రంగికి ఇవ్వాలి. ఒక కాగితం మన దగ్గర ఉంచుకోవాలి.

మీరే చెయ్యండి

1. మీ ఇంట్లో పెద్ద గిన్నె ఎన్ని అంగుళాలు ఉంది? కొలిచి రాయండి.
2. ఆ గిన్నెకు అర ఎంత వెడల్పు ఉండాలి?
3. 6 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న చెక్క ఎన్ని చదరపు అడుగులు?
4. మీ ఇంట్లో తలకు తగిలే అర గానీ, బల్ల గానీ ఉందా? దాన్ని ఎలా మార్చవచ్చు? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.