శుక్రవారం మానేసి, శనివారం రెండేసి

సమస్య

అక్కా, మాది బీచుపల్లి. కృష్ణ ఒడ్డున ఊరు, హైవే పక్కనే. మా అత్తమ్మకు అరవై మూడేండ్లు. బీపీ వచ్చి ఎనిమిదేండ్లయింది. సర్కారు దవాఖానలో ఇచ్చిన గోలీలు రెండు రోజూ పొద్దున వేసుకుంటది. నిరుడు దసరా దాటినాక కాళ్లకు వాపులొచ్చినయి. చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అట్లనే ఉండేది. కాళ్ల కడియాలు బిగుసుకుపోయి, సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. వేరే ఊర్లో ఒక ప్రైవేటు డాక్టరు చూసి తెల్ల గోలీ ఒకటి రాసిచ్చిండు. వారంలో వాపు సగం దిగింది. మా ఇంట్ల దాన్ని నీళ్ల గోలీ అంటం.

కష్టమంతా ఆ గోలీతోనే. వేసుకున్న గంటలోపే ఒంటికి పోవాలె. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఇంట్ల ఉంటే ఏమీ కాదు. సీడ్ పత్తి చేలో క్రాసింగ్ పనికి పోతే అక్కడ చాటే ఉండదు. బస్సెక్కితే ఇంకా ఇబ్బంది. అందుకని ఊరికి పోయే రోజు ఆమె గోలీ మానేస్తది, నీళ్లు కూడా తాగదు. మర్నాడు "నిన్నటిది బాకీ ఉన్నది" అని రెండు వేసుకుంటది.

పోయిన నెల ఒక శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో పెండ్లికి పోయింది. ఆ రోజు నీళ్ల గోలీ లేదు. రాత్రి ఇంటికొచ్చేసరికి కాళ్లు మళ్లీ ఉబ్బినయి, మోకాళ్లు పట్టేసినయి. తెల్లారి శనివారం బీపీ గోలీలతోపాటు నీళ్ల గోలీలు రెండు వేసుకుంది. మోకాళ్లకని ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పుల గోలీ కూడా వేసుకుంది. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. ఏమీ తినకుండా ఆంజనేయస్వామి గుడికి బయల్దేరింది. ముందు స్నానం చేద్దామని ఘాటు మెట్లు దిగుతుంటే కండ్లు తిరిగి పడింది. మోచేయి కొట్టుకపోయింది. ఎముక విరగలేదు, స్వామి దయ.

అప్పటి నుంచి ఇంట్ల రోజూ లొల్లి. మా ఆయన "ఈ గోలీలు కిడ్నీలు తినేస్తయి, మానెయ్" అంటడు. రాత్రుళ్లు పిక్కలు పడుతున్నయంటే, పక్కింటామె రోజుకో కొబ్బరి బోండం తాగమన్నది. ఇంకోపక్క అత్తమ్మ వాళ్లక్క తన ఎడమ కాలు వాచిందని మా గోలీల్లోంచి నాలుగు తీసుకపోయింది. సర్కారు దవాఖాన డాక్టరుకు ఈ నీళ్ల గోలీ సంగతి అత్తమ్మ చెప్పనేలేదు. వేరే డాక్టరు దగ్గరికి పోయినందుకు కోప్పడతడని భయం.

స్ట్రిప్పుల మీద పేర్లు చూసి రాస్తున్నా. ఒకటి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసింది. రెండోది ఆమ్లోడిపిన్. నీళ్ల గోలీ ఫ్రూసెమైడ్ 40. నొప్పులది డైక్లోఫెనాక్. అత్తమ్మను గోలీ వేసుకోమనాల్నా, మానమనాల్నా?

– ఒక కోడలు, బీచుపల్లి

సలహా

చెల్లీ, ముందు నీ ప్రశ్నకు జవాబు. తనంతట తాను మానొద్దు. రెండు రోజుల గోలీ ఒకేసారి అసలే వేసుకోవద్దు. నొప్పుల గోలీ మాత్రం ఇవాళ్టి నుంచే ఆపించు. నాలుగు స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుని, రేపే అత్తమ్మను ఒకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పడి నెల అయింది కదా అనుకోకు. మందులు అవే, మనిషీ ఆమే, ఎండలు ఇంకా ముదురుతాయి.

స్ట్రిప్పుల పేర్లు ఓపికగా ఎక్కించావు కాబట్టి అసలు చిక్కు దొరికింది. మీ ఇంట్లో నీళ్ల గోలీ ఒక్కటే ఉందనుకుంటున్నారు. ఉన్నవి రెండు. టెల్మిసార్టాన్‌తో కలిసి ఉన్న హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా నీళ్ల గోలీయే. బీపీ మందు పేరు చివర 'హెచ్' అక్షరం ఉంటే చాలావరకు దాని అర్థం ఇదే. ఒక డాక్టరు ఇచ్చింది ఇంకో డాక్టరుకు తెలియకపోతే ఇలాగే జరుగుతుంది. రెండూ కలిపి ఇవ్వాల్సిన రోగులు లేకపోలేదు, కానీ అది డాక్టరు తెలిసి, రక్తపరీక్షలు చూసుకుంటూ చేయాల్సిన పని.

ఇక ఆమ్లోడిపిన్. మంచి బీపీ మందు, కానీ కొందరికి కాళ్ల వాపు తెస్తుంది. ఒంట్లో నీరు పెరిగి వచ్చే వాపు కాదది. కాళ్లలోని సన్నని రక్తనాళాలు వదులై, వాటిలోంచి నీరు కండలోకి ఊరుతుంది. అలాంటి వాపు నీళ్ల గోలీకి సరిగా లొంగదు. మోతాదు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో దిగుతుంది. డైక్లోఫెనాక్ సంగతి వేరు. అది ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది, నీళ్ల గోలీ బలాన్ని తగ్గిస్తుంది. అంటే వాపు తెచ్చే మందులు రెండు, వాపు తీసే మందులు రెండు ఒకే పొట్టలో పోట్లాడుకుంటున్నాయేమో! ఉత్తరం చూసి తేల్చి చెప్పలేను. గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ వల్ల కూడా రెండు కాళ్లూ వాచవచ్చు. "వాపు ఎందుకు వచ్చింది?" అని డాక్టరును తప్పక అడుగు. ఇన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్న అదే.

ఆ శనివారం ఏమైందో చూద్దాం. పెళ్లిభోజనంలో ఉప్పు బాగానే పడి ఉంటుంది, ఆ రోజు గోలీ లేదు. కాళ్లు ఉబ్బాయి. తెల్లారి రెండు వేసుకుంది. ఫ్రూసెమైడ్ గంటలోపే పని మొదలుపెట్టి, గంట రెండు గంటల్లో జోరందుకుని, ఆరు గంటల దాకా సాగుతుంది. దాని పేరుపడ్డ బ్రాండు లాసిక్స్‌కు ఆ పేరు ఆరు గంటల లెక్కతోనే పెట్టారంటారు. ఆ ఆరు గంటల్లో అత్తమ్మ ఒక్కపొద్దు ఉంది, నీళ్లు కూడా సరిగా తాగి ఉండదు, ఎండలో నడిచి ఉంటుంది. మరో పక్క బీపీ గోలీలు వాటి పని అవి చేస్తున్నాయి. రక్తంలో నీరు తగ్గి, మెట్లు దిగుతున్న మనిషికి తలకు రక్తం చాలలేదు. కళ్లు తిరగక ఏం చేస్తాయి?

మీ ఆయన భయం గురించి. గోలీలు కిడ్నీలను తినేస్తాయన్నది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. అదుపు తప్పిన బీపీయే కిడ్నీలను పాడుచేస్తుంది. లెక్కగా వాడితే నీళ్ల గోలీ కాపాడే మందు. అమెరికాలో అరవై దాటిన 4,700 మందికి పైగా బీపీ రోగులను తీసుకుని, సగం మందికి ఈ జాతి మందే అయిన క్లోర్‌థాలిడోన్‌తో వైద్యం మొదలుపెట్టి, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి గోలీ ఇచ్చి చూశారు. 1991లో ఫలితాలు వస్తే, మందు వాడినవాళ్లలో పక్షవాతం మూడో వంతుకు పైగా తగ్గిందని తేలింది. అయితే టెల్మిసార్టాన్ లాంటి మందు, నీళ్ల గోలీ, నొప్పుల గోలీ మూడూ కలిసి, దానికి దాహం తోడైతే మాత్రం కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. మీ ఆయన అసలు భయపడాల్సింది ఆ జోడింపుకి. మోకాళ్లకు ఏం వాడాలో డాక్టరునే అడగండి. ఆర్ఎంపీ దగ్గరైనా, మెడికల్ షాపులోనైనా "బీపీకి నీళ్ల గోలీ వాడుతున్నాం" అన్న మాట ముందు చెప్పాలి.

ఇప్పుడు బస్సు సంగతి. మీ అత్తమ్మ మొండితనంతో మానేయలేదు. ఆడవాళ్లకు చాటు లేని దారి ఆమెతో మాన్పించింది. చేలో, బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే ఈ ఉత్తరంలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు. దీనికో ఉపాయం ఉంది. ప్రయాణమున్న రోజు ఫ్రూసెమైడ్‌ను ఇల్లు చేరాక మధ్యాహ్నం వేసుకోవచ్చా, లేక తెల్లవారుజామునే వేసుకుని జోరు తగ్గాక బస్సెక్కవచ్చా అని డాక్టరును అడగండి. చాలామందికి వేళ మార్చుకోనిస్తారు. సాయంత్రం నాలుగు దాటాక మాత్రం వద్దు. రాత్రంతా లేస్తూ చీకట్లో పడిపోయే ప్రమాదం ఉంటుంది. మొత్తానికే మరిచిపోయి సాయంత్రమైతే ఆ పూట వదిలేసి, మర్నాడు మామూలుగా ఒక్కటే. ఒక్కపొద్దు గురించి కూడా దాచకుండా చెప్పండి. ఉపవాసం రోజు మందు ఎలా వేసుకోవాలో డాక్టరు చెబుతారు. స్వామికీ అభ్యంతరం ఉండదు.

పిక్కలు పట్టడం గురించి. నీళ్ల గోలీలు ఉప్పుతోపాటు పొటాషియాన్ని కూడా బయటికి పంపుతాయి. అది తగ్గితే పిక్కలు పడతాయి, నీరసం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. అందుకే పక్కింటామె బోండం సలహా సబబుగానే అనిపిస్తుంది. కానీ టెల్మిసార్టాన్ పొటాషియాన్ని పెంచుతుంది. ఒకటి లాగుతుంటే ఇంకోటి పెంచుతున్న ఒంట్లో ఎంత ఉందో నోటితో చెప్పలేం. పొటాషియం మరీ పెరిగినా గుండెకు ముప్పే. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. అది చూడకుండా రోజూ బోండాలు వద్దు. 'లో సోడియం' ఉప్పు కూడా కొనొద్దు, అందులో సోడియానికి బదులు కలిపేది పొటాషియమే. పెద్దవయసు ఆడవాళ్లకు హైడ్రోక్లోరోథయాజైడ్ వల్ల సోడియం కూడా పడిపోవచ్చు. మాట తడబడటం, మత్తుగా ఉండటం, నడకలో తూలడం దాని గుర్తులు. మోతాదు మార్చినప్పుడల్లా ఒకటి రెండు వారాల్లో పరీక్ష మళ్లీ చేయించాలి.

ఉప్పు మనిషికి రోజు మొత్తానికి ఒక చెంచాకు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 5 గ్రాముల లోపు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, చల్లలో వేసుకునే చిటికెడు కూడా ఆ చెంచాలోవే. ఉప్పు తగ్గితే వాపూ తగ్గుతుంది, గోలీ మోతాదు కూడా తగ్గవచ్చు. నీళ్లు మాత్రం దాహానికి తగ్గట్టు తాగాలి. గుండె, కిడ్నీ జబ్బు ఉందని తేలితే ఎంత తాగాలో డాక్టరే చెబుతారు. నీరసమని రోజూ ఓఆర్ఎస్ తాగడం బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు, అదీ ఉప్పే. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు వెంటనే ఫోన్ చేసి, ఏ గోలీలు ఆపాలో కనుక్కోండి. ఆ రోజుల్లో నీళ్ల గోలీలూ టెల్మిసార్టానూ కొద్దిరోజులు ఆపమనడం మామూలే. ఆ మాట ఇప్పుడే అడిగి రాసిపెట్టుకుంటే మంచిది.

అత్తమ్మ వాళ్లక్క సంగతి వేరు. రెండు కాళ్లూ వాచడం ఒకటి, ఒక్క కాలే వాచడం ఒకటి. ఎడమ కాలొక్కటే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. బోదకాలైనా, పుండు పడి చీము పట్టినా నీళ్ల గోలీ పనిచేయదు. ఆ నాలుగు గోలీలు వెనక్కి తెచ్చుకుని, ఆమెను ఇవాళే చూపించండి. అత్తమ్మకు గానీ, ఆమెకు గానీ పడుకుంటే ఆయాసం రావడం, గుండెల్లో నొప్పి, స్పృహ తప్పడం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో నువ్వు చేయగలిగింది ఒకటుంది. ఒక క్యాలెండర్ తీసుకుని, రోజూ పొద్దున అత్తమ్మ లేచి ఒంటికి పోయివచ్చాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద నిలబెట్టి బరువు రాయి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, అలాగే తగ్గిపోయినా డాక్టరుకు చెప్పాలి. మీకు కడియమే తూకమైంది, కానీ కడియం బిగిసేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. గోలీ వేసుకున్న వేళ ఆ గడిలోనే రాసి, పక్కన బీపీ కూడా రాయి. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడాలి. నిలబడ్డాక బీపీ బాగా పడిపోతుంటే మోతాదు ఎక్కువై ఉండవచ్చు.

రేపు వెళ్లేది సర్కారు దవాఖానకే, తర్వాత వెళ్లినప్పుడల్లా ఆ క్యాలెండర్ పట్టుకెళ్లండి. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లిన సంగతి చెబితే అక్కడి డాక్టరు కోప్పడినా పర్వాలేదు. చెప్పకపోతే ఆయన రాసే ప్రతి గోలీ గుడ్డిగా రాసినట్టే.

చివరిగా అత్తమ్మతో ఒక మాట చెప్పు. కూలి బాకీ, చిట్టీ బాకీ ఎప్పుడూ ఎగ్గొట్టని మనిషై ఉంటుంది, అందుకే గోలీ బాకీ కూడా మర్నాడే తీర్చింది. గోలీకి బాకీ ఉండదని చెప్పు. నిన్నటిది నిన్నతోనే పోయింది, ఇవాళ్టిది ఒక్కటే.