శరీరమున భక్షక కణముల పని

పొలమున తిరుగువారికి తుమ్మముల్లు గ్రుచ్చుకొనుట క్రొత్త కాదు. విరిగిన మొన లోపలనే నిలిచిపోయినచో మరునాటికి ఆ చోటు ఎఱ్ఱబడి, వెచ్చనై, వాచి, సలుపు పెట్టును. రెండు మూడు దినములలో చీము పట్టును. చీమనగా చెడిన నెత్తురని మనము అనుకొందుము. అది సరికాదు. ముంటితోపాటు లోనికి చొచ్చిన సూక్ష్మజీవులను మ్రింగి, ఆ పనిలోనే ప్రాణము విడిచిన తెల్ల రక్తకణములే చీములో ముఖ్యభాగము.

ఈ సంగతి ఒక ముంటివలననే బయటపడుట విచిత్రము. రష్యా సామ్రాజ్యమున పుట్టిన ఎలియా మెచ్నికాఫ్ అను జంతుశాస్త్రజ్ఞుడు 1882లో ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమున, మెస్సీనా పట్టణమున నివసించుచుండెను. ఒకనాడు ఇంటివారు సర్కసు చూడబోగా, ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి సముద్రనక్షత్రమను జలజంతువు పిల్లలను పరీక్షించుచుండెను. అవి నీటివలె తేటగా నుండుటచే లోపల కదలు కణములు చక్కగా కనబడును. వేలిలో ముల్లు దిగినప్పుడు మనకు జరుగునట్టిదే వీనికిని జరుగునా యని ఆయనకు తోచెను. వెంటనే తోటలోని గులాబి ముండ్లను తెచ్చి వాని చర్మము క్రింద గ్రుచ్చెను. మరునాటి వేకువను చూడగా, కదలు కణములన్నియు ముంటి చుట్టును మూగియుండెను. అట్టి కణములకే తరువాత భక్షక కణములను పేరు కలిగినది. 1908లో మెచ్నికాఫ్‌నకు పాల్ ఎర్లిక్‌తోపాటు నోబెల్ బహుమానము లభించెను.

మన రక్తమున ఒక ఘనపు మిల్లీమీటరునకు సాధారణముగా 4,000 నుండి 11,000 వరకు తెల్లకణము లుండును. వీనిలో హెచ్చుభాగము న్యూట్రోఫిలులు. ఎముకలలోని మూలుగ వీనిని దినమునకు సుమారు పదివేల కోట్ల చొప్పున తయారుచేయుచుండును. గాయమైన చోట వెలువడు రసాయనముల జాడ పట్టుకొని ఇవి రక్తనాళపు గోడ సందులనుండి జారి బయటికి వచ్చును. సూక్ష్మజీవి తగులగానే కణపు పైపొర సాగి, దానిని నలువైపుల చుట్టి, చిన్న సంచిగా లోనికి లాగుకొనును. పిమ్మట తీక్ష్ణమైన జీర్ణరసములు గల వేరొక సంచి వచ్చి దీనితో కలియగా, లోపలి సూక్ష్మజీవి చచ్చి ముక్కలగును. టీకాలవలన పుట్టు ప్రతిరక్షకములు సూక్ష్మజీవికి ముందే అంటుకొనియున్నచో ఈ పట్టు మరింత సులభమగును.

భక్షక కణములలో పెద్దవి మాక్రోఫేజులు. ఇవి పోరాటముకంటె పారిశుద్ధ్యమే ఎక్కువగా చేయునని చెప్పవచ్చును. సుమారు 120 దినములు పనిచేసి ముదిరిన ఎఱ్ఱకణములను ప్లీహమునందును, కాలేయమునందును ఇవి మ్రింగి, అందలి ఇనుమును క్రొత్త కణముల తయారీకి తిరిగి ఇచ్చుచున్నవి. పాత ఇత్తడిని కరగించి క్రొత్త బిందె పోయు కంచరివాని పని వంటిదే ఇదియు.

అయితే మ్రింగినదెల్ల అరుగదు. క్షయ సూక్ష్మజీవి ఊపిరితిత్తులలోని మాక్రోఫేజుచేత మ్రింగబడియు, జీర్ణరసముల సంచి తనను చేరకుండ అడ్డుకొని, ఆ కణమునందే కాపురముండును. క్రిమి సోకినవారిలో పెక్కుమందికి జీవితాంతము రోగము రాదు. శరీరబలము తగ్గినప్పుడు కొందరికి బయటపడును. సాధారణ క్షయకు ఆరునెలలు మందు వాడవలెననుటకు ఒక కారణము ఇట్లు దాగియున్న, మందగించిన క్రిములే. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మాత్రలు మానివేయువారు తమకును ఇంటివారికిని కీడు చేయుచున్నారు. 2018లో కేంద్రప్రభుత్వము రోగుల పోషకాహారమునకు నెలకు 500 రూపాయల సాయము ప్రారంభించి, 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలు చేసినది.

ఇంతకంటె కఠినమైనది రాతిదుమ్ము. క్వారీలలోను, కంకర మిల్లులలోను లేచు దుమ్మునందు సిలికా యను పదార్థముండును. దాని అతిసన్నని రేణువులు కంటికి కనబడవు. ఊపిరితిత్తుల చివరి గదులదాక పోవును. మాక్రోఫేజు వానిని మ్రింగును గాని రాయి అరుగునా? లోపలి సంచి చినిగి, జీర్ణరసములు ఒలికి, కణమే చచ్చును. రేణువు మరల బయటపడగా ఇంకొక కణము దానిని మ్రింగును, అదియు చచ్చును. ఇట్లు ఏండ్ల తరబడి జరుగగా ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడును. దీనినే సిలికోసిస్ అందురు. కట్టిన మచ్చను కరగించు మందు లేదు. పైగా అట్టి ఊపిరితిత్తులలో క్షయ సులభముగా నాటుకొనును.

కనుక ఇచ్చట జాగ్రత్తయంతయు దుమ్ము లేవకుండ చూచుటలోనే యున్నది. రాతిని తడిపి తొలచుట, యంత్రము నోట నీరు చల్లుట యజమానులు చేయించవలసిన పనులు. తలగుడ్డ ముక్కునకు చుట్టుకొన్నంతమాత్రమున సన్నని దుమ్ము ఆగదు. దానికి తగిన ముసుగును వారే ఈయవలెను. రాతిపనివారు దగ్గుతోనో, ఆయాసముతోనో వైద్యుని యొద్దకు పోయినప్పుడు, తామెన్ని ఏండ్లనుండి ఏ పని చేయుచున్నారో మొదటనే చెప్పి, కఫపరీక్షయు, ఛాతీ ఎక్స్‌రేయు తీయించుకొనవలెనని కోరుచున్నాము. ఈ రెండు వ్యాధుల లక్షణములును ఒకదానినొకటి పోలియుండును.